క్లచ్చి లేని కారును నిలబెట్టడం ఎలా?

ఈ వారం మన శీర్షికకు విషయం ఇచ్చింది పరవాడ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం. ఆమె భర్త ఫార్మా సిటీలో ఉద్యోగి, షిఫ్టు డ్యూటీలు. ఆమె గాజువాకలో ఒక బడిలో పిల్లలకు లెక్కలు చెబుతారు. ఆమె ఇలా రాస్తున్నారు:

“ముప్పయ్యెనిమిదో ఏట కారు నడపడం నేర్చుకున్నాను. ఎడమకాలితో క్లచ్చి తొక్కే బాధ ఉండదని ఏ.ఎం.టి. చిన్నకారు కొనుక్కున్నాం. మా వాకిలి రోడ్డు కన్న ఎత్తు. గేటుకీ రోడ్డుకీ మధ్య ఏటవాలుగా సిమెంటు చేయించాం. కారు అక్కడే నిలుపుతాం. సాయంత్రమయ్యేసరికి వీధిలో పిల్లలందరూ ఆ కారు వెనకే ఆడుకుంటారు. నా సందేహం ఏమంటే, మా ఆడపడుచుగారి ఆటోమేటిక్ కారులో గేరు కర్ర పక్కన ‘పి’ అన్న అక్షరం ఉన్నది. మా కారులో ‘ఆర్’, ‘ఎన్’, ‘డి’, ‘ఎం’ ఉన్నాయి గాని ‘పి’ లేదు. ‘ఎన్’లో పెట్టి హ్యాండ్‌బ్రేకు లాగితే చాలునంటారు మావారు. ‘గేరులో పెట్టకుండా బండి దిగకమ్మా’ అంటారు మా మామయ్యగారు. ఆయన ముప్పయ్యేళ్ళు అంబాసిడరు నడిపినవారు. ‘ఆ రోజులు పోయాయి నాన్నా, ఇది గేర్లు లేని కారు’ అని మావారు నవ్వుతారు. నేను ఎవరి మాట వినాలి?”

మామయ్యగారి మాటే వినండి. ఆయన ఏ.ఎం.టి. కారు లోపలి భాగాలు చూడకపోయినా, దాని తత్త్వం సరిగ్గా పట్టుకున్నారు. మీవారు అనుకుంటున్నట్టు అది గేర్లు లేని కారు కాదు. గేర్లన్నీ ఉన్న కారే. మార్చే పని మాత్రం మీ చేతిలోంచి తీసుకున్నది. ఈ ఒక్క సంగతి మనసుకు పడితే, కారును ఎలా నిలపాలన్నది ఎవరూ చెప్పక్కరలేదు. అంచేత ముందు ఆ లోపలి సంగతి చూద్దాం. యంత్రాల మాట అనగానే పేజీ తిప్పెయ్యకండి. వంటింట్లో మిక్సీ వాడేవారికి ఇది అర్థం కాకపోవడమంటూ ఉండదు.

మీ చిన్నకారు ముందు భాగంలో మూడు వస్తువులు వరసగా ఉన్నాయనుకోండి. మొదట ఇంజను, తరవాత క్లచ్చి, ఆ తరవాత గేరుపెట్టె. గేరుపెట్టె నుంచి ముందు చక్రాలకు ఇరుసులు పోతాయి. ఇంజను తిరుగుతూ ఉంటుంది. ఆ తిరుగుడును చక్రాలదాకా పోనివ్వాలా వద్దా అని తేల్చేది క్లచ్చి. మీ రెండు అరచేతులూ ఒకదానికొకటి ఆనించి గట్టిగా ఒత్తండి. కుడిచేయి తిప్పితే ఎడమచేయి కూడా దానితోపాటు తిరుగుతుంది. రెండింటినీ కాస్త ఎడం చేయండి. ఇప్పుడు కుడిచేయి తిరుగుతుంది, ఎడమచేయి ఊరుకుంటుంది. క్లచ్చి అంటే ఇంతే. రెండు బిళ్ళలు. వాటిని కలిపి ఒత్తి ఉంచేది ఒక స్ప్రింగు. ఆ స్ప్రింగు బలాన్ని ఎదిరించి, బిళ్ళలను విడదీసేది పాతకాలపు కారులో మన ఎడమకాలు.

గేరుపెట్టెలో చిన్నా పెద్దా పళ్ళచక్రాలుంటాయి. మొదటి గేరులో బలం ఎక్కువ, వేగం తక్కువ. అయిదో గేరులో వేగం ఎక్కువ, బలం తక్కువ. ఒక గేరు నుంచి ఇంకో గేరుకు మారాలంటే క్లచ్చి విడదీయాలి, పళ్ళచక్రాలు మార్చాలి, మళ్ళీ క్లచ్చి కలపాలి. ఇది మామయ్యగారు ముప్పయ్యేళ్ళు రోజుకు వందలసార్లు చేసిన పని.

ఇక మీ ఏ.ఎం.టి. కారు. అందులోనూ అదే క్లచ్చి, అదే గేరుపెట్టె. కాకపోతే ఎడమకాలినీ, గేరు మార్చే చేతినీ కూలికి పెట్టుకున్నారన్నమాట. ఆ కూలివాళ్ళు ఎవరంటే, ఒక చిన్న విద్యుత్ పంపు, కాస్త నూనె, కొన్ని కవాటాలు, వీటన్నిటికీ మేస్త్రీగా ఒక చిన్న కంప్యూటరు. మీరు యాక్సిలరేటరు ఎంత తొక్కారు, కారు ఎంత వేగంలో ఉన్నది, ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతున్నది, బ్రేకు మీద కాలున్నదా లేదా—ఇవన్నీ ఆ మేస్త్రీ క్షణక్షణమూ గమనిస్తుంటాడు. గేరు మార్చాలనిపించగానే కవాటం తెరుస్తాడు. ఒత్తిడిలో ఉన్న నూనె పోయి క్లచ్చి విడదీస్తుంది, గేరు మారుస్తుంది, వెనక్కి తగ్గుతుంది. క్లచ్చి మళ్ళీ కలుస్తుంది. కొన్ని కంపెనీల కార్లలో నూనెకు బదులు చిన్న మోటార్లు ఈ పని చేస్తాయి. పద్ధతి మాత్రం ఒకటే.

మీ కారు గేరు మారేటప్పుడు ఒక్క క్షణం తూగి, మీ తల ముందుకు ఊగుతుంది చూడండి. చాలామంది అది కారు జబ్బు అనుకుంటారు. జబ్బు కాదు. పల్లకీ మోసే బోయీలు భుజం మార్చుకునేటప్పుడు లోపలున్న పెళ్ళికూతురికి ఒక చిన్న కుదుపు తెలుస్తుంది కదా, అదే ఇది. క్లచ్చి విడిపోయిన ఆ అర క్షణంలో చక్రాలకు ఇంజను బలం అందదు. ఆ సమయానికి మీరు యాక్సిలరేటరు మీద కాలు కాస్త సడలిస్తే ఊపు తగ్గుతుంది. నాలుగు రోజుల్లో కాలికే తెలిసిపోతుంది.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. 1955లో పారిస్‌లో సిట్రోఎన్ కంపెనీవారు ‘డి.ఎస్.’ అన్న కారు చూపించారు. దానికి క్లచ్చి పెడలు లేదు, నూనె ఒత్తిడే క్లచ్చి పని చేసేది. 1989లో బ్రెజిల్ పందెంలో నైజెల్ మాన్సెల్ నడిపిన ఫెరారీ, స్టీరింగు దగ్గర మీట నొక్కితే గేరు మారే పద్ధతితో గెలిచింది. ఇటలీలోని మాగ్నెటి మారెల్లి వంటి కంపెనీలు ఆ విద్యను పందెపు కార్ల నుంచి వీధి కార్లకు దింపాయి. మన దేశానికి అది బాగా చవకగా చేరింది 2014 ఫిబ్రవరిలో, మారుతీ సుజుకీవారి సెలేరియోతో. దాని తరవాత టాటా, రెనో, హ్యుండయ్ వంటి కంపెనీలు కూడా తమ చిన్నకార్లకు ఇదే అమర్చాయి. అసలు సిసలు ఆటోమేటిక్ పెట్టె కన్న ఇది చవక. పెట్రోలు ఖర్చు మామూలు గేర్ల కారుకు దగ్గరగానే ఉంటుంది. అంచేతే మధ్యతరగతి ఇళ్ళ ముందు ఇవి ఇన్ని కనబడుతున్నాయి. మోకాళ్ళ నొప్పులవాళ్ళకూ, ఆలస్యంగా నేర్చుకున్నవాళ్ళకూ, కూర్మన్నపాలెం నుంచి గాజువాక దాకా లారీల వెనక ఆగుతూ కదులుతూ పోయేవాళ్ళకూ ఇది నిజంగా ఉపకారమే.

ఇంతకూ ‘పి’ మాటేమిటి? మీ ఆడపడుచుగారి కారులో ఉన్నది వేరే జాతి గేరుపెట్టె. అలాంటి చాలా కార్లలో ఇంజనుకీ గేరుపెట్టెకీ మధ్య క్లచ్చి బిళ్ళలకు బదులు నూనె నిండిన డొల్ల ఒకటి ఉంటుంది. ఇంజను ఆగితే ఆ నూనె చక్రాలను పట్టి ఉంచలేదు. కాబట్టి వాళ్ళు గేరుపెట్టెలో ఒక పళ్ళచక్రం, దాని పళ్ళ మధ్య పడే ఒక ఇనప కొక్కెం పెట్టారు. ‘పి’లో పెడితే ఆ కొక్కెం పడి గేరుపెట్టెకు గొళ్ళెం వేసినట్టవుతుంది. ఇదీ ‘పి’ కథ. అమెరికాలో 1940 మాడలు ఓల్డ్స్‌మొబీల్ కారుతో హైడ్రామాటిక్ అనే తొలి ఆటోమేటిక్ గేరుపెట్టె బజారుకు వచ్చినప్పుడు దానికీ ‘పి’ లేదు. ఇంజను ఆపేసి, రివర్సులో పెట్టి దిగేవారు. అంటే ‘పి’ లేకుండా బండి నిలపడం కొత్త సమస్యేమీ కాదు.

మీ ఏ.ఎం.టి. కారులో ఆ కొక్కెం లేదు. దానికి బదులుగా ఉన్నది క్లచ్చి. ఇందాక చెప్పాను, క్లచ్చి బిళ్ళలను కలిపి ఉంచేది స్ప్రింగు, విడదీసేది నూనె ఒత్తిడి అని. కారును గేరులో ఉంచి ఇంజను ఆపేస్తే క్లచ్చి కలిసే ఉంటుంది. అప్పుడు చక్రాలు గేరుపెట్టె ద్వారా, క్లచ్చి ద్వారా ఇంజనుకు కట్టేసినట్టు. చక్రం కదలాలంటే ఇంజనును కూడా తిప్పాలి. ఆగిపోయిన ఇంజనును తిప్పడం ఎంత కష్టమో తెలుసుకోవాలంటే, సైకిలు పంపు చివర వేలితో మూసి కొట్టి చూడండి. గాలి నలిగి, పిడి వెనక్కి తంతుంది. ఇంజనులోని పిస్టన్లు గాలిని నొక్కవలసివచ్చినప్పుడు అలాగే ఎదురుతిరుగుతాయి. పైగా మొదటి గేరులో చిన్నకారు చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే ఇంజను సుమారు పద్నాలుగు, పదిహేను చుట్లు తిరగాలి. రివర్సులోనూ ఇంచుమించు అంతే. అంచేత కారు తనంతట తాను జారడం కష్టమవుతుంది.

అదే ‘ఎన్’లో పెట్టారనుకోండి. ‘ఎన్’ అంటే న్యూట్రలు. గేరుపెట్టెలో ఏ పళ్ళచక్రమూ పట్టులో లేదు. ఇంజను ఒక పక్క, చక్రాలు ఇంకో పక్క, మధ్యన సంబంధం తెగిపోయింది. అప్పుడు మీ కారును ఆ ఏటవాలు మీద పట్టి ఉంచేది ఒకే ఒక్క హ్యాండ్‌బ్రేకు తీగ. అది సడలినా, తుప్పుపట్టి తెగినా, తొందరలో పూర్తిగా లాగకపోయినా, ఆడుకుంటూ కారెక్కిన పిల్లవాడు మీట కిందికి నొక్కినా, పట్టుకునేవారు లేరు. వెనకనేమో పిల్లలు. మీవారికి ఈ ఒక్క మాట చెప్పండి. ఆయన పద్ధతిలో ఒక కాపలాదారు ఉన్నాడు. మామయ్యగారి పద్ధతిలో ఇద్దరున్నారు. ఒకడు కునుకు తీసినా రెండోవాడు ఉంటాడు.

అయితే గేరు ఒక్కటే చాలునా అంటే, చాలదు. ఇంజను తాళం కాదు. నలిగిన గాలి పిస్టను అంచుల నుంచి కొద్దికొద్దిగా జారిపోతుంది. బాగా నిటారుగా ఉన్నచోట కారు బరువుకు ఇంజను ఒక్కో మెట్టు తిరిగి, కారు కొంచెం కొంచెంగా దిగవచ్చు. అంచేత హ్యాండ్‌బ్రేకు పెద్దకొడుకు, గేరు చిన్నకొడుకు. ఇద్దరూ ఇంట్లో ఉండాలి.

ఇక ఎలా నిలపాలో వరసగా చెబుతాను. ఇదంతా అలవాటయ్యాక పది క్షణాలు పట్టదు. మీ కారుతో వచ్చిన పుస్తకంలో ఏదైనా తేడాగా చెప్పి ఉంటే దాని మాటే పాటించండి.

మొదట, కుడికాలితో బ్రేకు తొక్కి కారును పూర్తిగా ఆపండి. ‘ఎన్’లో పెట్టి హ్యాండ్‌బ్రేకు పూర్తిగా పైకి లాగండి. ఇప్పుడు బ్రేకు మీద నుంచి కాలు మెల్లగా సడలించండి. కారు బరువు హ్యాండ్‌బ్రేకు మీద పడుతుంది. కదిలిందా, వెంటనే మళ్ళీ తొక్కి, హ్యాండ్‌బ్రేకు ఇంకో రెండు పళ్ళు లాగండి. కదలలేదా, మళ్ళీ బ్రేకు తొక్కి గేరు పెట్టండి. కారు ముక్కు ఎగువకు ఉంటే ‘డి’, దిగువకు ఉంటే ‘ఆర్’. సమతలమైతే రెండింటిలో ఏదైనా ఫరవాలేదు. ఎదుటి బల్ల మీద ‘1’ అనో, ‘ఆర్’ అనో కనబడుతుంది. అది కనబడ్డాక, బ్రేకు మీద కాలు తీయకుండా తాళం తిప్పి ఇంజను ఆపండి. అప్పుడు కాలు తీయండి. అంతే.

ఈ వరసలో గేరు పెట్టడం ఇంజను ఆపకముందే జరగాలి. ఇది ముఖ్యం. మామయ్యగారి అంబాసిడరులో ఇంజను ఆపాక కూడా కర్ర లాగి గేరు వేసుకోవచ్చు. మీ కారులో కర్ర అనేది మేస్త్రీకి మీరిచ్చే చీటీ మాత్రమే. మేస్త్రీ నిద్రపోయాక చీటీ ఇస్తే చదివేవారెవరు? కర్ర ‘డి’ దగ్గరున్నా లోపల గేరు ‘ఎన్’లోనే ఉండిపోవచ్చు.

మీలాంటి ఏటవాలు వాకిలికి మూడో కాపలా కూడా పెట్టండి. ఎద్దుబండి తోలేవాడు కొండదారిలో ఎద్దులను విప్పేముందు చక్రం కింద రాయి పెట్టేవాడు. మన తాతలకు చట్టమూ తెలియదు, కంప్యూటరూ తెలియదు. బండి జారుతుందని తెలుసు. ముక్కు ఎగువకు ఉన్నప్పుడు చక్రం వెనకా, దిగువకు ఉన్నప్పుడు చక్రం ముందూ ఒక చెక్క ఆపు పెట్టండి. వడ్రంగికి చెబితే రెండు ముక్కలు ఏటవాలుగా కోసి ఇస్తాడు. రంగు వేసి గేటు పక్కన ఉంచుకోండి. తీసేటప్పుడు కారు దిగువన నిలబడకుండా పక్కనుంచి తీయండి. రోడ్డు మీద వాడిన రాయిని అక్కడే వదిలేసి పోకండి. చీకట్లో స్కూటరు మీద వచ్చేవాడికి అది ప్రాణాంతకం.

రోడ్డు వాలులో నిలిపినప్పుడు చక్రాలు తిప్పి ఉంచడం కూడా ఒక కాపలాయే. మనం నిలిపేది ఎడమ అంచున. ముక్కు దిగువకు ఉంటే స్టీరింగు ఎడమకు తిప్పి ఉంచండి. జారినా ఎడమ గట్టుకు తగిలి ఆగుతుంది. ముక్కు ఎగువకు ఉండి, పక్కన పేవుమెంటు గట్టు ఉంటే స్టీరింగు కుడికి తిప్పండి. వెనక్కి జారితే ముందు ఎడమ చక్రం వీపు గట్టుకు ఆనుకుంటుంది. గట్టు లేకపోతే ఎడమకే తిప్పండి. జారినా రోడ్డు మధ్యకు పోకుండా పక్కకే పోతుంది. సింహాచలం కొండ మీదా, కైలాసగిరి మీదా, యారాడ దారిలోనూ ఈ సంగతి గుర్తుంచుకోవాలి. చందనోత్సవం నాటి జనంలో ఒక కారు రెండు గజాలు జారినా ఏమవుతుందో చెప్పక్కరలేదు.

ఇది మన జాగ్రత్త మాత్రమే కాదు, చట్టం కూడా. 1988 మోటారు వాహనాల చట్టంలో 126వ సెక్షను ఈ విషయమే చెబుతుంది. బహిరంగ స్థలంలో బండి నిలిపినప్పుడు లైసెన్సు ఉన్న మనిషి డ్రైవరు సీటులో ఉండాలి. లేకపోతే ఇంజను ఆపి, బ్రేకు వేసి ఉండాలి, లేదా డ్రైవరు లేనప్పుడు పొరపాటున కూడా కదలకుండా తగిన ఏర్పాటు చేసి ఉండాలి. “ఒక్క నిమిషం, కూరలు కొనుక్కొస్తాను” అని ఇంజను నడుస్తుండగా దిగేవాళ్ళు ఈ సెక్షనును బాగా చదవాలి.

ఆ మాటకొస్తే ఏ.ఎం.టి. కారులో ఇంజను నడుస్తుండగా దిగడం మరీ ప్రమాదం. ఇప్పటి చాలా ఏ.ఎం.టి. కార్లలో ‘డి’లో పెట్టి బ్రేకు వదిలితే, యాక్సిలరేటరు తొక్కకపోయినా కారు మెల్లగా పాకుతుంది. ట్రాఫిక్కులో అది సుఖమే. కాని గేటు తీయడానికి మీరు దిగితే కారు మీ వెనకే వస్తుంది. గేటుకీ కారుకీ మధ్య మీరుంటారు. గేటు తీయాలన్నా ఇంజను ఆపాలి, పైన చెప్పిన వరసంతా చేయాలి. విసుగే. లేదా లోపలున్నవాళ్ళను పిలవండి. హారను ఉన్నదే అందుకు.

బయలుదేరేటప్పుడు ఇదే వరస తిరగేస్తే సరి. చాలా ఏ.ఎం.టి. కార్లు బ్రేకు తొక్కి, ‘ఎన్’లో ఉంటేనే స్టార్టవుతాయి. రాత్రి గేరులో పెట్టి వదిలారు కదా. అంచేత హ్యాండ్‌బ్రేకు దింపకుండా, కుడికాలు బ్రేకు మీద గట్టిగా ఉంచి, తాళం తిప్పి, ‘ఎన్’లోకి తెచ్చి, స్టార్టు చేయండి. ‘ఎన్’లోకి వచ్చిన క్షణం నుంచి రెండో కాపలాదారు లేడని గుర్తుంచుకోండి.

ఎగువకు కదలడం ఇంకో సందేహం. కొన్ని కార్లలో బ్రేకు వదిలాక కూడా రెండు క్షణాలపాటు కారును పట్టి ఉంచే ఏర్పాటు ఉంటుంది. లేని కార్లు వెనక్కి జారతాయి. భయపడకండి. హ్యాండ్‌బ్రేకు వేసి ఉంచి, ‘డి’లో పెట్టి, యాక్సిలరేటరు మెల్లగా తొక్కండి. కారు ముందుకు ఒరిగి లాగుతున్నట్టు తెలుస్తుంది. అప్పుడు హ్యాండ్‌బ్రేకు దింపండి. ఎన్.ఏ.డి. కొత్త రోడ్డు వంతెన ఎక్కుతూ ట్రాఫిక్కులో ఆగవలసివస్తే, యాక్సిలరేటరు కొంచెం తొక్కి కారును గాలిలో వేలాడదీసినట్టు పట్టి ఉంచేవాళ్ళున్నారు. అలా చేయకండి. అప్పుడు క్లచ్చి బిళ్ళలు పూర్తిగా కలవవు, పూర్తిగా విడిపోవు. ఒకదానిమీద ఒకటి రాసుకుని కాలిపోతాయి. మాడిన వాసన వస్తే అది ముందు లారీదనుకోకండి. బ్రేకు తొక్కి నిలపండి, కదిలేటప్పుడు కదలండి. కూలివాడు ఎవరైనా, వాడి కాలు కూడా నొప్పి పుడుతుంది.

కొత్తగా ఈ కార్లకు మారినవారికి ఇంకొక మాట. ఇందులో ఉన్నవి రెండే పెడళ్ళు. రెండింటికీ కుడికాలే. ఎడమకాలిని పక్కన పెట్టి మరచిపోండి. మామూలు కారుకు అలవాటైన ఎడమకాలు క్లచ్చి అనుకుని బలంగా తొక్కితే బ్రేకు పడి, కారు నడిరోడ్డులో ఠక్కున ఆగుతుంది. వెనక బొగ్గు లారీయో, సిమెంటు లారీయో ఉంటే తరవాత సంగతి చెప్పక్కరలేదు. ఇరుకు సందులో నిలిపేటప్పుడు కుడికాలిని బ్రేకు మీదనే ఉంచి, కారు తనంతట పాకే వేగంతోనే జరపండి. యాక్సిలరేటరు అవసరమైతే గుడ్డు మీద కాలు పెట్టినట్టు తాకండి. ‘ఆర్’ నుంచి ‘డి’కి, ‘డి’ నుంచి ‘ఆర్’కి మారేముందు కారు పూర్తిగా ఆగాలి. ఎదుటి బల్ల మీద అక్షరం మారిందని చూసుకున్నాకనే కాలు కదపాలి. ముందుకు పోతుందనుకున్న కారు వెనక్కి పోయిన ప్రమాదాలు ఇక్కడే పుడతాయి.

2019 జూలై 1 నుంచి మన దేశంలో తయారయ్యే కొత్త కార్లకు వెనక అడ్డం వస్తే కీచుమని చెప్పే సెన్సార్లు తప్పనిసరి చేశారు. మంచిదే. కాని బంపరు కింద వంగి బంతి తీసుకునే రెండేళ్ళ పిల్లను అది ఎప్పుడూ కనిపెడుతుందని నమ్మడానికి వీల్లేదు. ఎక్కేముందు కారు చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. గుడి చుట్టూ ప్రదక్షిణం చేస్తాం, కారు చుట్టూ ఒక్కటి చేయలేమా?

సముద్రం దగ్గరివాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. పరవాడ మండలంలోనే ముత్యాలమ్మపాలెం తీరం ఉన్నది. ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. కారు కింద పోయే హ్యాండ్‌బ్రేకు తీగ మన కంటికి కనబడదు. సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా “హ్యాండ్‌బ్రేకు చూడండి” అని నోరు తెరిచి చెప్పండి. మునుపు లాగినదానికన్న ఎక్కువ పళ్ళు లాగితేగాని పట్టడం లేదంటే, దాన్ని బిగించవలసిన రోజు వచ్చిందన్నమాట. వానాకాలంలో వారాల తరబడి కారును కదపకుండా ఊరికి పోతే, హ్యాండ్‌బ్రేకు పట్టేసి వదలకపోవడం కూడా కద్దు. అలా వెళ్ళేటప్పుడు సమతలంగా ఉన్నచోట, గేరులో పెట్టి, చక్రాలకు ముందూ వెనకా ఆపులు పెట్టి, హ్యాండ్‌బ్రేకు దింపి వెళ్ళవచ్చు. ఏటవాలు మీద మాత్రం ఈ పని చేయకూడదు.

బ్యాటరీ పూర్తిగా పోతే? మామూలు కారును నలుగురు తోస్తే స్టార్టవుతుంది. మీ కారు అలా కాదు. విద్యుత్తు లేకపోతే పంపు లేదు, పంపు లేకపోతే క్లచ్చి విడదీసేవారు లేరు. గేరులో ఉన్న కారును ‘ఎన్’లోకి తేవడమే కష్టం. వీధిలో కుర్రాళ్ళను పోగుచేసి తోయించకండి. ఇంకో కారు బ్యాటరీ నుంచి తీగలు కలపగలిగే మెకానిక్కును పిలవండి. అతను వచ్చేదాకా చక్రాల కింద ఆపులు తీయకండి.

చివరగా పిల్లల సంగతి. కారు తాళం చెవి ఎప్పుడూ మీ కొంగుకో, మీ సంచీలోకో చేరాలి. డ్రైవరు సీటు ఆటస్థలం కాదని మొదటి రోజే చెప్పండి. పిల్లలను కారులో వదిలి దిగవద్దు. మూసిన కారు మన ఎండకు ఎంత త్వరగా పొయ్యి అవుతుందో తెలిసిందే. ఇంకా ఒకటి, ఏటవాలు మీద నిలిచిన ఏ కారు వెనకా, మనదైనా పొరుగువారిదైనా, ఆడుకోకూడదని పిల్లలకు నేర్పండి. మనం ఎంత జాగ్రత్తగా ఉన్నా పొరుగువారు ‘ఎన్’లో పెట్టి ఉండవచ్చు.

మీవారితో ఈ రాత్రే వాదన పెట్టుకోనవసరం లేదు. ఆయన షిఫ్టు లేని రోజు, వీధిలో పిల్లలు లేని వేళ చూసి, కారును వాకిట్లో నిలపండి. మీరు సీటులోనే కూచుని, కుడికాలు బ్రేకుకు అంగుళం ఎడంగా ఉంచి, ‘ఎన్’లో హ్యాండ్‌బ్రేకు నాలుగు పళ్ళు మాత్రం లాగి కాలు ఎత్తి చూడండి. ఆయనను దిగువన కాదు, పక్కన నిలబడమనండి. తరవాత పూర్తిగా లాగి, గేరులో పెట్టి, ఇంజను ఆపి చూడండి. తేడా ఆయన కళ్ళతోనే చూస్తారు. మామయ్యగారిని కూడా కుర్చీ వేసి కూచోబెట్టండి. ఆయన ఏమీ అనరు. మీసం కింద నవ్వుకుంటారు.